ఆంక్షలు వేయడం అందరికీ తెలుసు, తీయడం ఎవరికి తెలుసు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఉత్తర కొరియా గురించి పోయిన వారం మీరు రాసిన సంపాదకీయం రెండుసార్లు చదివాను. ఆంక్షల ఉచ్చు ఇంకా బిగిస్తే తప్ప కిమ్ దారికి రాడని మీరు తేల్చేశారు. అదే రోజు లోపలి పేజీలో కిమ్ జోంగ్ ఉన్ ఆకుపచ్చ రైలు గురించి, ఆయన కూతురు వేసుకున్న కోటు గురించి బాక్సు కట్టి వేశారు. ఆ బాక్సు మీద నాకు పేచీ లేదు, మా ఇంట్లో అందరూ ముందు అదే చదివారు. పేచీ సంపాదకీయంతోనే.

నేను ప్రొఫెసర్ని కాను, విదేశాంగ శాఖ గడప తొక్కినవాణ్ణీ కాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసి రిటైరయ్యాను. తోతాపురి గుజ్జు 215 కిలోల డ్రమ్ముల్లోనో 3.1 కిలోల డబ్బాల్లోనో చెన్నై రేవుకు పోతుంది. దాని వెనకాలే ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, ఇంకా అరడజను సర్టిఫికెట్లు పోతాయి. ఆ కట్ట నా పని. ఆంక్షలంటే చాలామందికి భద్రతా మండలిలో చేతులెత్తడం గుర్తొస్తుంది. నాకు బ్యాంకులో ఆగిపోయిన ఫైలు గుర్తొస్తుంది.

ఒక సీజన్లో యెమెన్‌కు పంపిన సరుకు డబ్బు మధ్యలో ఆగింది. కొన్నాయన పేరును పోలిన పేరు ఒకటి ఏదో నిషేధిత జాబితాలో ఉందట. డాలర్లు న్యూయార్క్ మీదుగా రావాలి కాబట్టి అక్కడి మధ్యవర్తి బ్యాంకు పట్టుకుని కూర్చుంది. పేరు అదే, మనిషి వేరు. ఆయన పాస్‌పోర్టు కాపీ, వ్యాపార లైసెన్సు తెప్పించి, అరబ్బీ నుంచి అనువాదం చేయించి, నోటరీ కొట్టించి పంపాం. మా బ్యాంకు మేనేజరు మంచివాడే కానీ "నా చేతిలో ఏముంది సార్" అనడం తప్ప చేయగలిగింది లేదు. ఇక్కడ కాయలు తోలిన రైతులు రోజూ గేటు దగ్గరికి వచ్చేవాళ్లు. బంగారుపాళెం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన "మా కాయల దుడ్లు అమెరికావోడు ఎందుకు పట్టుకోనుండాడు సార్?" అని అడిగితే ఏం చెప్పను? తమాషా ఏమిటంటే, తప్పేమీ లేదని తేలిన తర్వాత కూడా డబ్బు వెంటనే కదల్లేదు. ఫైలు క్లియర్ అని ఒకాయన నోటితో చెబుతాడు, ఆ మాట మీద సంతకం పెట్టడానికి ఇంకొకాయన జంకుతాడు.

ఇదే వ్యవహారం అణు బాంబు స్థాయిలో ఒకసారి జరిగింది. మీ సంపాదకీయంలో దాని ఊసే లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమెరికా, చైనా, రష్యా, జపాన్, రెండు కొరియాలు 2003 ఆగస్టు నుంచి బీజింగ్‌లో కూర్చుని మాట్లాడుకుంటూ వచ్చి, 2005 సెప్టెంబరు 19న ఉమ్మడి ప్రకటన చేశాయి. అణ్వాయుధాలన్నీ, ఉన్న అణు కార్యక్రమాలన్నీ వదిలేస్తామని ఉత్తర కొరియా అందులో ఒప్పుకుంది. దాడి చేసే ఉద్దేశం మాకు లేదని అమెరికా చెప్పింది. సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందు అదే అమెరికా ఆర్థిక శాఖ, చైనా కిందున్న మకావులోని బాంకో డెల్టా ఆసియా అనే చిన్న బ్యాంకు ఉత్తర కొరియా అక్రమ సొమ్మును చెలామణి చేస్తోందని ఆరోపిస్తూ ప్రకటన ఇచ్చింది. డబ్బు తీసుకోవడానికి జనం బ్యాంకు మీద పడ్డారు. మకావు అధికారులు ఉత్తర కొరియా ఖాతాల్లోని సుమారు రెండున్నర కోట్ల డాలర్లను కదలకుండా ఆపేశారు. ఒక శాఖ చేయి కలుపుతుంటే ఇంకో శాఖ జేబు పట్టుకుందన్నమాట. ఒక దేశానికి ఆ మొత్తం చిల్లర. కానీ ఆ చిల్లర కోసమే చర్చలు ఏడాదికి పైగా మూలపడ్డాయి. ఈలోగా 2006 జూలైలో క్షిపణులు వదిలారు, అక్టోబరు 9న మొదటి అణు పరీక్ష చేశారు.

2007 ఫిబ్రవరి 13న మళ్లీ రాజీ కుదిరింది. ఉత్తర కొరియా అరవై రోజుల్లో తన అణు కేంద్రం యోంగ్బ్యోన్‌లోని రియాక్టర్ ఆపేయాలి. మకావు డబ్బు వదిలేస్తామని అమెరికా ఒప్పుకుంది. అరవై రోజులూ అయిపోయాయి, డబ్బు మాత్రం కదల్లేదు. పంపే బ్యాంకు దొరకలేదు మరి! పంపొచ్చని సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వమే చెబుతున్నా ఏ బ్యాంకూ ముట్టుకోవడానికి సాహసించలేదు. బ్యాంక్ ఆఫ్ చైనా కూడా మాకొద్దంది. ఆఖరుకు జూన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖే ఆ డబ్బు అందుకుని, రష్యా కేంద్ర బ్యాంకు ద్వారా ఖబరోవ్‌స్క్‌లోని ఒక బ్యాంకుకు పంపింది. అక్కడి నుంచి ఉత్తర కొరియా ఖాతాకు చేరింది. ఆ తర్వాతే, జూలైలో, రియాక్టర్ ఆగింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారులు మళ్లీ లోపలికి అడుగుపెట్టారు.

అధ్యక్షులు, మంత్రులు మాట ఇచ్చేశాక కూడా బ్యాంకు గుమాస్తా భయపడితే అణు ఒప్పందం ఆగిపోతుంది. ఉచ్చు బిగించమని రాసే ముందు, బిగించిన ముడి ఎవరు విప్పుతారో, ఎలా విప్పుతారో కూడా రాయాలి కదా అన్నది నా మనవి. తీసేస్తామన్న మాటకు విలువ లేకపోతే వేస్తామన్న బెదిరింపుతో బేరం సాగదు. అవతలివాడు ఎలాగూ తీయరులే అని బాంబు పని తను చేసుకుపోతాడు.

కొంచెం వెనక్కి వెళ్తాను. 1994 జూన్‌లో యుద్ధం దాకా వచ్చిన పరిస్థితిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్లి, ఇప్పటి కిమ్ తాత కిమ్ ఇల్ సంగ్‌తో మాట్లాడారు. మరుసటి నెల 8న కిమ్ ఇల్ సంగ్ చనిపోయారు. అయినా అక్టోబరు 21న జెనీవాలో అమెరికా, ఉత్తర కొరియా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. యోంగ్బ్యోన్‌లో నడుస్తున్న చిన్న రియాక్టర్ ఆపాలి, కడుతున్న రెండు పెద్దవాటిని అక్కడికక్కడే వదిలేయాలి, వాడేసిన సుమారు 8 వేల ఇంధన కడ్డీలను డబ్బాల్లో పెట్టి తనిఖీదారుల సీళ్ల కింద ఉంచాలి. బదులుగా కరెంటు కోసం వెయ్యేసి మెగావాట్ల తేలికజల రియాక్టర్లు రెండు, అవి వచ్చేదాకా ఏడాదికి 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్. మా ఫ్యాక్టరీ బాయిలర్లో మండించేలాంటి మందపాటి నూనే అది, విమానాలకో ట్యాంకులకో పనికిరాదు. ఆలోచించి పెట్టిన షరతు.

ఒప్పందం నడిచింది. 1994 నుంచి 2002 దాకా యోంగ్బ్యోన్‌లో బాంబుకు వాడే ప్లుటోనియం కొత్తగా గ్రాము కూడా తీయలేదు. ఆంక్షలతో ఎన్నడూ రాని ఫలితం ఇది. అలాగని ఆ దేశానికి నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ప్లుటోనియం ఆపి, చాటుగా బాంబుకు రెండో దారైన యురేనియం శుద్ధి పట్టింది. పాకిస్తాన్ అణు శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ ఆ శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజు యంత్రాలు అందించాడని తర్వాత ఆ దేశాధ్యక్షుడు ముషారఫే ఒప్పుకున్నాడు. అమెరికా వైపు చూస్తే నూనె ఓడలు మాటిమాటికీ ఆలస్యం, నిధులు ఇవ్వడానికి అక్కడి పార్లమెంటు సణుగుడు. 2003 కల్లా నడవాల్సిన రియాక్టర్‌కు పునాది కాంక్రీటు పడింది 2002 ఆగస్టులో! అక్టోబరులో యురేనియం గుట్టు మీద తగాదా మొదలైంది, నవంబరులో నూనె ఆపేశారు, డిసెంబరులో తనిఖీదారులను గెంటేశారు, 2003 జనవరి 10న ఉత్తర కొరియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. సీళ్ల కింద ఉన్న ఆ 8 వేల కడ్డీలను బయటికి తీసి ప్లుటోనియం వేరు చేశామని తనే చెప్పుకుంది.

యురేనియం విషయంలో మోసం చేసింది కాబట్టి ఒప్పందాన్ని మొత్తం చింపేయాలన్నది అప్పటి వాషింగ్టన్ వాదన. చిన్న దొంగతనం దొరికిందని, కాపలా ఉన్న పెద్ద గోదాం తాళాలు కూడా వాళ్ల చేతికే ఇచ్చి వచ్చేశారు. నా ఉద్దేశంలో ఈ ముప్పై ఏళ్ల కథలో అంతకంటే ఖరీదైన నిర్ణయం లేదు.

కాగితాల మనిషిని కాబట్టి నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటి చెప్పకుండా ఉండలేను. 2008 మేలో ఉత్తర కొరియా తన రియాక్టర్ రికార్డులు సుమారు 18 వేల పేజీలు అట్టపెట్టెల్లో అమెరికాకు అప్పగించింది. మేం చేసింది ప్లుటోనియం పని మాత్రమే, యురేనియం సంగతి మాకు తెలియదు అన్నది వాళ్ల మాట. ఆ కాగితాల మీదే శుద్ధి చేసిన యురేనియం ఆనవాళ్లు బయటపడ్డాయని అమెరికా అధికారులు చెప్పారు. జూన్ 27న కెమెరాల ముందు యోంగ్బ్యోన్ కూలింగ్ టవర్ కూల్చేశారు. అది అందరూ టీవీల్లో చూశారు. చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి మట్టి నమూనాలు తీసుకుపోవచ్చని రాసివ్వండి అంటే మాత్రం డిసెంబరులో కుదరదన్నారు. ఆరు దేశాల చర్చలు అక్కడితో సరి. టవర్ పడింది పతాక శీర్షిక అయింది, నమూనాల తగాదా లోపలి పేజీకి కూడా ఎక్కలేదు. అసలు తగాదా అదే.

2012 సంగతి మన ప్రాంతంవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆ ఫిబ్రవరి 29న 2,40,000 టన్నుల పోషకాహారం ఇచ్చేటట్టు, బదులుగా అణు, క్షిపణి పరీక్షలు ఆపేటట్టు ఒప్పుకున్నారు. కానీ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టలేదు, ఎవరి ప్రకటన వారు ఇచ్చుకున్నారు. ఇన్‌వాయిస్‌లో ఒకటి, ప్యాకింగ్ లిస్టులో ఇంకొకటి ఉంటే ఏ బ్యాంకూ డబ్బివ్వదు. నెల తిరక్కుండానే తాత శతజయంతికి ఉపగ్రహం పంపుతున్నామని ప్యాంగ్యాంగ్ ప్రకటించింది. ఇది క్షిపణి కాదు, ఉపగ్రహం అని వాళ్లు. రెండింటి రాకెట్ ఒకటే, బాలిస్టిక్ పరిజ్ఞానంతో ఏది వదిలినా భద్రతా మండలి నిషేధమే అని వీళ్లు. ఏప్రిల్ 13న వదిలారు, అది సముద్రంలో కూలింది, దాంతో తిండి సాయం కూడా పోయింది. శ్రీహరికోట ఉన్న గడ్డ మీద పుట్టినవాళ్లకు ఈ తగాదా కొత్త కాదు. రష్యా నుంచి క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ పరిజ్ఞానం కొంటున్నామని 1992లో అమెరికా ఇస్రో మీద రెండేళ్ల ఆంక్షలు పెట్టింది, అదీ క్షిపణుల పేరు చెప్పే. 1998లో పోఖ్రాన్ తర్వాత మరోసారి. మనం నిరోధక ఒప్పందంలో అసలు చేరలేదు, చేరి దొంగచాటుగా బాంబు చేయలేదు, మన పరిజ్ఞానం ఎవరికీ అమ్మలేదు. ఆ తేడా చాలా పెద్దది. కానీ ఆంక్షలు పెడితే దేశం పని మానుకుంటుందా అన్న ప్రశ్నకు సమాధానం శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేటలో ఎవర్ని అడిగినా చెబుతారు.

హనోయిలో ట్రంప్, కిమ్ కలిసిన సమావేశం గురించి మీరు ఒక్క వాక్యం రాశారు, "కిమ్ మొండితనం వల్ల విఫలమైంది" అని. 2019 ఫిబ్రవరి 28న యోంగ్బ్యోన్ మొత్తాన్ని విప్పేస్తాం, 2016, 17లో భద్రతా మండలి పెట్టిన ఐదు ఆంక్షల తీర్మానాల్లో జనజీవనాన్ని దెబ్బతీసే భాగాలు తీసేయండి అని తాము అడిగామని అర్ధరాత్రి విలేకరులను పిలిచి ఉత్తర కొరియా విదేశాంగ మంత్రి చెప్పారు. ఆంక్షలన్నీ ఎత్తేయమన్నారు, యోంగ్బ్యోన్ ఒక్కటి చాలదు అని ట్రంప్ చెప్పారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఆ ఐదు తీర్మానాలే ఎగుమతుల పీక పట్టుకున్నవి, బయటి స్థావరాల సంగతి కిమ్ ఎత్తలేదు. కానీ బేరం అక్కడ మొదలవ్వాలి, వేసిన భోజనాల బల్ల వదిలేసి విమానం ఎక్కేశారు. కింది అధికారులు నెలల తరబడి కూర్చుని గీయాల్సిన పట్టికను ఇద్దరు నాయకులు ఒక్క పూటలో తేల్చబోయారు.

ఆ తీర్మానాల్లో ఒకటి, 2017 డిసెంబరు నాటి 2397, నేను కూర్చుని చదివాను. మాకు అలవాటైన హెచ్‌ఎస్ కోడ్ల భాషలోనే, అంటే ఒక్కో రకం సరుకుకు ప్రపంచమంతా వాడే నంబర్లలోనే ఉంటుంది. 72 నుంచి 83వ అధ్యాయం దాకా, అంటే ఇనుము, ఉక్కు, లోహపు సామాన్లు ఏవీ ఆ దేశానికి పంపకూడదు. 84, 85, అంటే యంత్రాలు, విద్యుత్ పరికరాలు కూడా అంతే. ఆస్పత్రి కత్తెర పంపాలన్నా, బోరు పంపు విడిభాగం పంపాలన్నా సాయం చేసే సంస్థ ఆంక్షల కమిటీ దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ దేశం నుంచి 8వ అధ్యాయం సరుకు ఎవరూ కొనకూడదు. పండ్లు వచ్చేది 8వ అధ్యాయంలోనే. అక్కడి తోటల రైతుకూ యురేనియం సెంట్రిఫ్యూజ్‌కూ ఏం సంబంధమో నాకు తట్టలేదు. పెట్రోలు, డీజిలు ఏడాదికి 5 లక్షల పీపాలు మించకూడదన్నారు. నడిసముద్రంలో ఓడ నుంచి ఓడకు తోడుకుని, ఓడ పేరు మార్చి రంగు పూసి తెచ్చుకుంటున్నారని ఆంక్షల అమలు చూసే ఐరాస నిపుణులే ఫొటోలతో సహా రాశారు. పలుకుబడి ఉన్నవాడికి నూనె అందుతోంది, లేనివాడికి కత్తెర అందడం లేదు.

ఇప్పుడు ఆ నిపుణుల బృందం కూడా లేదు. దాని గడువు పెంచే తీర్మానాన్ని 2024 మార్చిలో రష్యా వీటో చేసింది, ఏప్రిల్ 30తో దాని పని ముగిసింది. జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్లి పరస్పర రక్షణ ఒప్పందం చేసుకొచ్చారు. ఉక్రెయిన్ యుద్ధానికి ఉత్తర కొరియా సైనికులు కూడా వెళ్లారు. ఇంకా బిగించండి అని మీరు రాస్తున్న ఉచ్చుకు ఒక కొస రష్యా చేతిలో, ఇంకో కొస చైనా చేతిలో ఉంది. వాళ్లు వదిలేశాక బిగించేది ఎవరు?

లిబియా, ఇరాన్‌ల మాట ఎత్తితే చాలు. 2003లో లిబియా అధినేత గడ్డాఫీ తన అణు సరంజామా అంతా వదిలేస్తానని ఒప్పుకుని అప్పగించేశాడు, 2011లో ఏమయ్యాడో చూశాం. ఇరాన్ 2015లో అణు ఒప్పందం చేసుకుంది, తనిఖీలకు ఒప్పుకుంది, 2018లో అమెరికా బయటికి పోయింది, 2025 జూన్‌లో బాంబులు వేసింది. 2018లో ట్రంప్, కిమ్‌ల సింగపూర్ సమావేశానికి ముందు "లిబియా తరహా" అని ట్రంప్ అప్పటి భద్రతా సలహాదారు జాన్ బోల్టన్ అంటే ప్యాంగ్యాంగ్ మండిపడిందంటే ఆశ్చర్యం లేదు. మొత్తం ముందు అప్పగించు, తర్వాత చూద్దాం అన్న షరతుకు ఇక ఎవరూ ఒప్పుకోరు.

మరి ఏం చేయాలంటారా? ముఖపరిచయం లేని ఇద్దరు వ్యాపారం చేసుకోవడానికే ఎల్‌సీ, అంటే బ్యాంకు పూచీ ఇచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్, పుట్టింది. కొనేవాడికి అమ్మేవాడి మీద నమ్మకం లేదు, వాడికి వీడి మీద లేదు. అందుకే సరుకు ఓడ ఎక్కినట్టు కాగితం చూపిస్తే ఇంత, పరీక్ష రిపోర్టు చూపిస్తే ఇంత అని ముందే రాసుకుంటారు. ఉత్తర కొరియాతో కుదిరేది ఆ పద్ధతే. కొత్త పరీక్షలు ఆపి, యోంగ్బ్యోన్‌లో తయారీ ఆపి, తనిఖీదారులను రానిస్తే ఫలానా కోడ్ల మీద ఆంక్ష ఫలానా తేదీకి పోతుంది, డబ్బు ఫలానా బ్యాంకు ద్వారా వస్తుంది, మాట తప్పితే ఫలానా రోజున ఆంక్ష తిరిగి వస్తుంది అని వివరంగా రాసుకోవాలి. నమూనాలు ఎవరు తీయాలి, ఎక్కడికి పంపాలి అన్నదీ మొదటి రోజే రాసుకోవాలి, 2008లో లాగా చివరికి వదిలేయకూడదు. పూర్తి నిరాయుధీకరణ లక్ష్యంగా ఉండనివ్వండి, మొదటి మెట్టు దగ్గరే దాన్ని అడ్డం పెట్టకండి.

ఇది బెదిరింపుకు లొంగడమే కదా అని కట్టమంచి టీ కొట్టు దగ్గర మా మాస్టారు ఒకాయన నాతో వాదిస్తాడు. లొంగడమే అనుకుందాం. 1994లో లొంగిన ఖర్చు ఏడాదికి 5 లక్షల టన్నుల బాయిలర్ నూనె, రెండు రియాక్టర్లు. లొంగకుండా సాధించింది ఆరు అణు పరీక్షలు, అమెరికా దాకా వెళ్లగల క్షిపణులు, స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ 2025 అంచనా ప్రకారం సుమారు 50 అణు వార్‌హెడ్లు. మాస్టారు ఇంకా ఒప్పుకోలేదనుకోండి.

ఇదంతా ఎక్కడో తూర్పున జరిగే గొడవ, మనకెందుకు అనేవాళ్లకు గుజరాత్‌లోని కాండ్లా రేవు గుర్తుచేయాలి. 1999లో కార్గిల్ యుద్ధం నడుస్తుండగా కు వోల్ సాన్ అనే ఉత్తర కొరియా ఓడను అక్కడ మన కస్టమ్స్ వాళ్లు ఆపారు. కాగితాల్లో నీటిశుద్ధి పరికరాలని ఉంది, పెట్టెలు విప్పితే క్షిపణి భాగాలు, వాటి నక్షాలు. పాకిస్తాన్ ఘోరీ క్షిపణి ఉత్తర కొరియా నోడాంగ్ క్షిపణికి అన్నదమ్ముడే. కాబట్టి అక్కడ తనిఖీదారు ఉన్నాడా లేడా అన్నది మన సంగతి కూడా. 1953లో కొరియా యుద్ధఖైదీల అప్పగింత చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. 2021లో మూసేసిన ప్యాంగ్యాంగ్ ఎంబసీని 2024 డిసెంబరులో మనవాళ్లు మళ్లీ తెరిచారు. అమెరికాకు అక్కడ ఎంబసీయే లేదు. ఆ తలుపు తెరిచి ఉన్నందుకు ఢిల్లీ ఏం చేస్తోందో మీ ఢిల్లీ విలేకరి చేత అడిగించి రాయించండి, చదవాలని ఉంది.

ఉత్తరం పెద్దదైంది, మీకు స్థలం చాలదని తెలుసు. కోయక తప్పకపోతే రష్యా, ఇరాన్ పేరాలు తీసేయండి, అవి మీ పేపర్లో రోజూ వస్తూనే ఉన్నాయి. మకావు బ్యాంకు సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
మామిడి గుజ్జు ఎగుమతి విభాగం విశ్రాంత ఉద్యోగి,
కట్టమంచి, చిత్తూరు.